కొట్టేసిన పద్యం

కొత్తగా సర్కారు కొలువుల్లో చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో చేసిన గొప్ప పని ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. గొప్ప పనులు చేసినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ ఫోటోలు ఆఫీసు గోడల మీద ఉంటాయి. నేను మీకు నా చెడ్డ పని ఒకటి చెబుతాను. నాలుగేళ్ళకు పైగా నేను జనం మాట్లాడే మాటలను కొట్టేశాను. కోపంతో కాదు, పగతో కాదు. కొన్ని మధ్యాహ్నం భోజనానికి ముందు, కొన్ని భోజనం తరవాత, నింపాదిగా కొట్టేశాను. తమాషా ఏమిటంటే, అందులో సగం కాలం నాకు ఆ పని చేసే అధికారమే లేదు. ఆ సంగతి నాకే తెలియదు.

డెబ్బయ్యో దశకం చివరి రోజులు. ఆదోనిలో ఒక సర్కారు ఆఫీసు. ఏ ఆఫీసో చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను. ఉన్నవాళ్ళకు కోపం వస్తుంది, పోయినవాళ్ళ పిల్లలకు ఇంకా ఎక్కువ వస్తుంది. నేను అక్కడ గుమాస్తాను.

అంతకు ముందు, ఎమర్జెన్సీ రోజుల్లో, పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఎవరు నాటకం ఆడినా ముందుగా రాతప్రతి తెచ్చి మా ఆఫీసులో ఇవ్వాలి, మేము ఆక్షేపణీయమైన భాగాలు తీసేసి అనుమతి ఇవ్వాలి అని. ఆక్షేపణీయం అంటే ఏమిటో అందులో రాయలేదు. అది తేల్చే పని ఎవరికి అప్పగించాలా అని అప్పటి హెడ్ క్లర్కు ఆఫీసంతా కలయజూసి నా దగ్గర చూపు ఆపాడు. మా నాయన బడిలో తెలుగు చెప్పేవాడు. నాకు ఛందస్సు వచ్చునని, టీ తాగేటప్పుడు రెండు పద్యాలు చదవకుండా ఉండలేనని ఆఫీసులో అందరికీ తెలుసు. నాటకాల ఫైలూ ఎర్ర పెన్సిలూ నా బల్ల మీదికి వచ్చాయి.

నేను ఆ పని ఎంత శ్రద్ధగా చేశానో వినండి. సి.బెళగల్ ఊరివాళ్ళ నాటకంలో దొంగ వేషగాడు "నన్ను పట్టేవాడు ఈ సీమలోనే లేడు" అన్నాడు. పోలీసు శాఖకు అగౌరవమని కొట్టేశాను. ఇంకొక నాటకంలో చెవిటి రాజు ఉన్నాడు. రాజుకు వినబడదంటే సర్కారుకు వినబడదని ఎవరైనా అనుకుంటారేమోనని ఆ రాజు చెవుడు తీసేశాను. దాంతో ఆయన అన్నీ శుభ్రంగా విని కూడా తప్పుడు తీర్పులు ఇచ్చేవాడుగా తయారయ్యాడు. దేవనకొండ రైతుల నాటకంలో కరువు వచ్చి ఊరి జనం వలసపోయే రంగం ఒకటి ఉంది. కరువని ప్రభుత్వం ఇంకా ప్రకటించలేదు కాబట్టి ఆ రంగం మొత్తం ఎత్తేశాను. వలస పోవాల్సినవాళ్ళు ఎక్కడికీ పోకపోయేసరికి, తరవాతి రంగంలో వాళ్ళ కోసం ఏడ్చే ముసలమ్మ ఎందుకు ఏడుస్తోందో చూసేవాళ్ళకు అర్థం కాలేదట. ఆ సంగతి ఎవరో చెబితే ఆఫీసంతా పడీ పడీ నవ్వాం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

ఎమర్జెన్సీ పోయింది. సర్కారు మారింది. నా ఫైలు మాత్రం నా బల్ల మీదే ఉంది. నాటకాలవాళ్ళు అలవాటు కొద్దీ రాతప్రతులు తెచ్చేవారు, నేను అలవాటు కొద్దీ కొట్టేసేవాణ్ణి. ఎందుకు తెస్తున్నామని వాళ్ళు అడగలేదు, ఎందుకు తీసుకుంటున్నానని నేనూ ఆలోచించలేదు.

అలాంటి రోజుల్లో ఎమ్మిగనూరు నుంచి ఒక నేతన్న వచ్చాడు. యాభై దాటిన మనిషి, బక్క పలచన, తెల్లటి పంచె. చంకలో ఒక నోటు పుస్తకం.

"నాటకం సార్" అని నా ముందు పెట్టాడు.

"ఎవరు రాసినారన్నా?"

"నేనే సార్. మగ్గం మీద కూసోని నోట్లోనే కట్టుకుంటి. మా పాపతో రాయిస్తి. నాకు అచ్చరాలు అంత బాగ రావు."

నాటకం చిన్నది. ఒక రాజు, ఒక మంత్రి, ఒక నేతగాడు. రాజ్యంలో నూలంతా మంత్రి దాచేస్తాడు, మగ్గాలు ఆగిపోతాయి, నేతగాడు సభకు పోయి రాజును నిలదీస్తాడు. ఆ నిలదీసేచోట ఒక ఆటవెలది ఉంది.

నేత మాది రాజ! నీదియె పైపంచె
నూలదేది యనగ నోరు మూత
కండె ఖాళి యాయె, మంత్రి గాదెలు నిండె
మగ్గమాగె రాజ! మాట యేది?

కండె అంటే మగ్గంలో నూలు చుట్టే గొట్టం. నిజం చెబుతున్నాను, చదవగానే వీపు మీద ఎవరో చరిచినట్టయింది. ఆ రోజుల్లో ఎమ్మిగనూరులో నూలు దొరకడం లేదు. ఊరికి రావాల్సిన కోటా నూలు వస్తూనే ఉంది, నేతవాళ్ళ ఇళ్ళకు మాత్రం చేరడం లేదు. అది పంచే పెత్తనం ఉన్న ఒక పెద్దమనిషి గోడౌనులో ఉందని వీధిలో ప్రతివాడికీ తెలుసు. అడిగినవాడి పేరు మరుసటి నెల జాబితాలో ఉండదు. అందుకని ఎవరూ అడగరు.

"ఈ మంత్రి ఎవరన్నా?" అన్నాను.

"మంత్రే సార్."

"ఏ మంత్రి?"

"ఆ రాజుగారి మంత్రి సార్" అని నా వైపు అమాయకంగా చూశాడు. అంత అమాయకత్వం నిజంగా అమాయకులకు ఉండదు.

మా ఆఫీసరు కొత్తగా వచ్చిన కుర్రాడు. చదువుకున్నవాడు, లంచం ముట్టడు, ఒకటే జబ్బు. తన హయాంలో ఎక్కడా చిన్న చప్పుడు కూడా కాకూడదంటాడు. నేను ఆ నాటకం ఆయన ముందు పెట్టేలోపలే నూలు పెద్దమనిషి ఆయన గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. నన్నూ లోపలికి పిలిచారు. రెండు నెలలుగా ఎమ్మిగనూరు వీధుల్లో ఆ నాటకం రిహార్సలు జరుగుతోందట.

"సార్, ఆ నాటకంలో మంత్రి అంటే నేనే" అన్నాడాయన.

ఆఫీసరు నా వైపు చూశాడు. "అందులో ఈయన పేరుందా?"

"లేదు సార్. మంత్రి నూలు దాచినాడని మాత్రం ఉంది."

"అదే చెప్తాండాను గదా, నన్నే!" అని పెద్దమనిషి బల్ల గుద్దాడు.

తను నూలు దాచానని ఆఫీసరు ముందు తానే ఒప్పుకున్న సంగతి ఆయనకు తట్టలేదు. మా ఆఫీసరుకూ తట్టలేదు. నాకు తట్టింది కానీ నేను గుమాస్తాను. ఆయన వెళ్ళాక ఆఫీసరు "ఆ పద్యం తీసెయ్యి, గొడవ వదుల్తుంది" అన్నాడు. నా బల్ల దగ్గరికి వచ్చి నాలుగు పాదాల మీదా నాలుగు గీతలు గీశాను. ఆ పని చేసిన కాలమంతటిలో మొదటిసారి చెయ్యి కొంచెం బరువుగా అనిపించింది. అయినా గీతలు తిన్నగానే వచ్చాయి.

నేతన్న మళ్ళీ వచ్చినప్పుడు పుస్తకం తెరిచి ఆ గీతల మీద వేలు పెట్టాడు.

"సార్, కావాలంటే మిగతా నాటకమంతా తీసేయండి. ఆ నాలుగు పాదాలు ఇడ్సండి. అది అననీకే గదా నేను నాటకం కట్టింది."

"నాటకంలో అంటే ఏమొస్తదన్నా? నూలొస్తదా?"

"నూలు రాకపోతే రాకపోయె. వీదిలో మగ్గాలు ఆగి రెండు నెలలాయె సార్. యాడా అడగనీకి లేదు. అడిగితే పేరు పోతాది. నలుగురి ముందర ఒక్కసారి గట్టిగా అడిగితే, ఇది మా ఒక్కరి ఇంట్లో బాధ గాదని అందరికీ తెలుస్తాది. రాజును అడిగినట్ల అడుగుతా. అంతే గదా."

"అనుమతి లేకుండా అంటే లాకప్పులో పెడతారన్నా. అప్పుడు నీ పేరు నూలు జాబితాలోనూ ఉండదు."

"తెలుసు సార్. అందుకే మిమ్మల్ని అడుగుతాండాను" అన్నాడు. నేను ఫైలు మూసి లేచాను.

ఆయన నేరుగా ఆదోనిలోనే ఉన్న ఒక ముసలి వకీలు దగ్గరికి పోయాడు. ముస్లిం పెద్దాయన, తెల్లగడ్డం, ఎండాకాలంలో కూడా నల్లకోటు. పత్తి మార్కెట్టు దగ్గర టీ కొట్టులో రోజూ సాయంత్రం మేమిద్దరం కలుసుకునేవాళ్ళం. ఆ సాయంత్రం ఆయన కోటు జేబులోంచి రాజ్యాంగం పుస్తకం తీసి నా గ్లాసు పక్కన పెట్టాడు.

"పంతొమ్మిదో ఆర్టికల్ తియ్యి భాయ్. చదువు. నీకు పద్యాలే గాదు, వచనం కూడా వస్తాది గదా."

చదివాను. పౌరులకు మాట్లాడే స్వేచ్ఛ ఉంది, భావాలు చెప్పుకునే స్వేచ్ఛ ఉంది.

"కింద హద్దులు కూడా ఉన్నాయి గదా సాబ్" అన్నాను, దొరికిందని.

"ఉన్నాయి. ఎందుకు లేవు? నోటికే చెప్తా విను. దేశ సమగ్రత, భద్రత, పక్క దేశాలతో దోస్తీ, శాంతిభద్రతలు, మర్యాద, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం. ఆ జాబితాలో 'ఆఫీసర్ల మనసు నొచ్చుకోవడం' యాడుందో నాకు కొంచెం చూపియ్యి. నా కండ్లు మసకలు."

"పరువు నష్టం ఉంది గదా. ఆ పెద్దమనిషి పరువు..."

"అయితే ఆయన్ని కోర్టుకు రమ్మను. నాటకం ఆడినాక, ఆ మంత్రిని నేనే హుజూర్ అని బోనెక్కి చెప్పమను. నేను క్రాస్ చేస్తా, ఫీజు కూడా తీసుకోను. ఆడకముందే మాట కోసేసేదానికి మీరెవరు? ఎమర్జెన్సీ పోయింది గదప్పా, నీకెవరూ చెప్పలేదా?"

నేను ఇంకో టీ చెప్పాను.

"సరే, మీరు కోస్తాండేది ఏ హుకుం ప్రకారమో ఆ కాగితం చూపియ్యి."

"ఫైల్లో ఉంది సాబ్. ఆఫీసు రహస్యం" అన్నాను. ఆ కాగితం చూసి నాకు నాలుగేళ్ళు దాటింది.

వకీలు హైదరాబాదు పోయి హైకోర్టులో రిట్ వేద్దామన్నాడు. నేతన్న ఒప్పుకోలేదు. "అది తేలేలోపల నేను ముసిలోణ్ణి అవుతా సాబ్. నాకు తీర్పు వద్దు, నాటకం కావాల" అన్నాడట. మూడోసారి మా ఆఫీసుకు వచ్చి, "మీరు కొట్టేసినవి ఒక్క మాట కూడా అనను సార్. రాసిస్తాను. ఆడనీయండి" అన్నాడు. నాకు జాలి వేసింది, దానికంటే ఎక్కువ హాయి అనిపించింది. హామీపత్రం నేనే తయారు చేశాను. "కొట్టివేసిన భాగములను నటులెవ్వరును రంగస్థలమున పలుకరాదు." ఆ వాక్యం చూసుకుని నేనే మురిసిపోయాను.

ఆఫీసరు ఇంకొక షరతు పెట్టాడు. మా వైపు నాటకాలు చీకటి పడ్డాక మొదలవుతాయి. చీకట్లో అల్లరి చేసినవాడి మొహం కనబడదు కాబట్టి ఈ నాటకం పట్టపగలు ఆడాలన్నాడు. పగలు అందరి మొహాలూ కనబడితే అందరూ బుద్ధిగా ఉంటారని ఆయన ఆలోచన.

ఎండలు ముదిరిన రోజులు. ఎమ్మిగనూరులో ఒక మైదానంలో మధ్యాహ్నం మూడు గంటలకు తెర లేచింది. మైదానం నిండా జనం. గోనెగండ్ల నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. పగటి నాటకం అనే వింత చూడాలని సగం మంది వచ్చినట్టున్నారు. ముందు వరసలో నడుమ మా ఆఫీసరు, ఆయన కుడివైపు నూలు పెద్దమనిషి, ఎడమవైపు నేను, నా పక్కన సబ్ ఇన్‌స్పెక్టరు. నా ఒడిలో రాతప్రతి. ఒక్కొక్క మాటకూ టిక్కు పెట్టుకుంటూ కూర్చోవడం నా విధి.

మొదటి రంగం నుంచే రాజుగారు కరగడం మొదలైంది. మొహానికి పూసిన ఎరుపు మెడ మీదుగా పట్టుబట్టల్లోకి దిగింది. మీసం ఒకవైపు ఊడింది. ఆయన ఒక వేలితో మీసం పట్టుకుని, రెండో చేత్తో కత్తి ఎత్తి రాజ్యం ఏలుతున్నాడు. మంత్రి కిరీటం వేడెక్కి నెత్తి కాలుతోంటే సభలో మాటిమాటికీ కిరీటం తీసి ఊదుకుంటున్నాడు. జనం విరగబడి నవ్వుతున్నారు. మా ఆఫీసరు కూడా నవ్వాడు. నాకు ధైర్యం వచ్చింది. ఇక ఏమీ జరగదనుకున్నాను.

అప్పుడు నేతన్న సభలోకి వచ్చాడు. వేషం ఏమీ లేదు. రోజూ కట్టే పంచె, భుజం మీద తువ్వాలు. నవ్వులు తగ్గాయి.

"ఏమి నీ మొర?" అన్నాడు రాజు, మీసం పట్టుకుని.

హార్మోనిస్టు శ్రుతి ఇచ్చాడు. నేతన్న చెయ్యి ఎత్తాడు. నోరు తెరిచాడు. ముందు వరసలో ఉన్న నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

కానీ హార్మోనియం ఆగలేదు. పద్యం మొదటి పాదం మొదలుకుని రాగం తీస్తూ వాయించింది. నేతన్న మూసిన నోటితో, మగ్గం మీద పోగు మోసే నాడె విసిరినట్టు చేతులు ఆడిస్తూ నిలబడ్డాడు. రెండో పాదం వచ్చింది, మూడో పాదం వచ్చింది. మైదానంలో ఒక్క మనిషి దగ్గలేదు. నాలుగో పాదం చివర రాగం సాగదీసి హార్మోనియం ఆగింది. నేతన్న రాజుకు దండం పెట్టాడు.

రాతప్రతిలో ఆ తరవాత రాజు మాట ఉంది. అది నేను కొట్టేయలేదు. రాజు అన్నాడు:

"విన్నాను."

అంతే, నవ్వులతో మైదానం ఊగిపోయింది. ఆ నవ్వుల మధ్య వెనకనుంచి ఎవరో అరిచారు. "వన్స్ మోర్!"

మీ కాలం పిల్లలకు తెలియదేమో. మా వైపు పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు. అంటే మళ్ళీ పాడి తీరాలి. పాడకపోతే ఊరినే అవమానించినట్టు. నేను ఎన్నో నాటకాలు చూశాను, కానీ పాడని పద్యానికి వన్స్ మోర్ అనడం అంతకు ముందు వినలేదు, ఆ తరవాతా వినలేదు. "వన్స్ మోర్, వన్స్ మోర్" అని మైదానమంతా అందుకుంది. నేతన్న తల ఊపాడు. హార్మోనియం మళ్ళీ మొదలైంది.

ఈసారి పద్యం జనం పాడారు.

మొదట ఆడవాళ్ళ గొంతులు. ఎమ్మిగనూరులో నేతవాళ్ళు పొద్దున్నే వీధి పొడవునా నిలువు పోగుల పడుగు చాచి గంజి పెడతారు. నూలు లేక ఖాళీగా పడి ఉన్న ఆ చోటే నేతన్న నెలల తరబడి రిహార్సలు చేశాడు. పని లేక చూస్తూ కూర్చున్న ఆడవాళ్ళకు, అటు పోయే పాలవాడికి, కూరగాయల బండికి, అందరికీ ఆ పద్యం నోటికి వచ్చింది. నేను కాగితం మీద గీత గీసి, పద్యం పోయిందనుకున్నాను. అది కాగితం మీద ఉండే పద్యం కాదు. ఆ ముక్క ఛందస్సు తెలిసిన నాకు తట్టలేదు.

"ఎవరయ్యా పాడేది?" అని ఆఫీసరు లేచి నిలబడ్డాడు.

"అందరూ సార్" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

"ఎవరో ఒకర్ని పట్టుకోండి!"

"ఎవర్ని సార్? పగలు గదా, అందరి మొగాలూ కనపడతాండాయి. అందరూ పాడతాండారు." సబ్ ఇన్‌స్పెక్టరు కొంచెం ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "మీ పక్కన మీ గుమాస్తా కూడా పాడతాండాడు సార్."

నిజమే. నేను పాడుతున్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు. ఆ పద్యం కొట్టేయడానికి నేను దాన్ని ఎన్నిసార్లు చదివి ఉంటానో! గొంతెత్తి, రాగంతో సహా మూడో పాదంలో ఉన్నాను. ఆఫీసరు చూపు చూసి కూడా ఆపలేకపోయాను. నాలుగో పాదం అయిపోయాకే నోరు మూశాను. సిగ్గుతో పాటు ఎందుకో సంతోషం కూడా కలిగిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

నూలు పెద్దమనిషి లేచి వెళ్ళిపోయాడు. జనం ఆయనకు మర్యాదగా దారి ఇచ్చారు, పాట మాత్రం ఆపలేదు. సబ్ ఇన్‌స్పెక్టరు తెర వెనకకు పోయి హార్మోనిస్టును నిలదీశాడు.

"నిన్నెవరు వాయించమన్నారు?"

"నాకు మాటల్లేవు గదా సార్. నావి ఏమీ కొట్టేయలేదు. కావాలంటే రాతలో సూసుకోండి."

హామీపత్రం తెప్పించి చూశారు. పలుకరాదు అని ఉంది. వాయించరాదని లేదు, జనం పాడరాదని అసలే లేదు. రాసినవాణ్ణి నేను.

వారం తిరక్కముందే నాకు మెమో వచ్చింది. నిషేధించిన పద్యాన్ని బహిరంగ స్థలంలో, ప్రభుత్వోద్యోగి అయి ఉండి, రాగయుక్తంగా పాడినందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని. ఏ పద్యమో రాయకపోతే మెమో చెల్లదు కాబట్టి నాలుగు పాదాలూ అందులో టైపు చేయించాల్సి వచ్చింది. కార్బన్లు పెట్టి అయిదు ప్రతులు. ఒకటి నాకు, ఒకటి ఫైలుకు, మిగతావి జిల్లా ఆఫీసుకు. మా టైపిస్టు నెలంతా ఆ పద్యం కూనిరాగం తీస్తూనే మిగతా కాగితాలు టైపు చేశాడు. నేను కొట్టేసిన పద్యాన్ని సర్కారే తన ఖర్చుతో జిల్లా అంతా పంచిపెట్టింది.

ఉద్యోగం పోతుందని నాకు నిద్ర లేదు. మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది, అది ఇంకా కష్టమైంది. వకీలు దగ్గరికి పరుగెత్తాను.

"ఏ హుకుం దాటినావో ఆ కాపీ ఇవ్వమని రాయి. అంతకు మించి ఒక్క అక్షరం రాయొద్దు" అన్నాడాయన.

రాశాను. ఆఫీసరు ఆ అర్జీ మీద "సంబంధిత గుమాస్తా ఉత్తర్వు ప్రతిని వెంటనే హాజరుపరచవలెను" అని సంతకం చేశాడు. సంబంధిత గుమాస్తాను నేనే. నా ఉద్యోగం తీసేసే కాగితాన్ని నేనే వెతికి నాకు ఇచ్చుకోవాలి.

మూడు రోజులు రికార్డు గదిలో దుమ్ము తిన్నాను. ఉత్తర్వు రెండో రోజే దొరికింది. అది ఎమర్జెన్సీ కాలానికి మాత్రమే అని కింద చిన్నగా ఉంది. తరవాత పొడిగించారేమోనని వెతికాను. మూడో రోజు మధ్యాహ్నం, బావుల మరమ్మతుల కట్టలో, ఇంకొక కాగితం దొరికింది. నాటకాల రాతప్రతులు అడగడం, భాగాలు తీసేయడం తక్షణం ఆపవలెను, పాత ఉత్తర్వు రద్దు. తేదీ చూస్తే రెండేళ్ళు దాటింది. పక్కన ఎర్ర పెన్సిలుతో ఒక రాత. "చూశాను. ఫైలు చేయడమైనది." కింద సంతకం. ఆ సంతకం నాది.

ఆ రోజు ఏం జరిగి ఉంటుందో నేను ఊహించుకోగలను. తపాలా వచ్చి ఉంటుంది, నా ముందు ఏదో నాటకం ఉండి ఉంటుంది, కొట్టేసే తొందరలో చదవకుండానే సంతకం పెట్టి చేతికందిన కట్టలో దోపి ఉంటాను. ఆ దుమ్ములో కూర్చుంటే నాకు దేవనకొండ నాటకంలో ముసలమ్మ గుర్తుకొచ్చింది. ఆ నాటకం రద్దు కాగితం వచ్చిన తరవాతిది. ఆమె ఎవరి కోసం ఏడ్వాలో ఆ మనుషులను ఏ అధికారమూ లేకుండా తీసేసి, మళ్ళీ దాని మీద నవ్వినవాణ్ణి నేను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. నిజంగా బాధేసింది.

కాగితం ఆఫీసరు ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"అంటే, మనకు అసలు..."

"లేదు సార్."

"నేను వచ్చినప్పటి నుంచీ?"

"మీరు రాకముందు నుంచీ లేదు సార్."

ఆయన ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. తరవాత మెమో ఉపసంహరించుకున్నట్టు రెండు ముక్కలు రాసి, "ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. సరే సార్ అన్నాను. సాయంత్రం టీ కొట్టులో వకీలుకు చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

"రాజ్యాంగం దాకా పోయినాం గదప్పా. బావుల కట్ట దాకా పోయి ఉంటే సాలు" అన్నాడు.

జిల్లా ఆఫీసుకు వెళ్ళిన ప్రతుల్లో ఒకదాన్ని అక్కడ ఎవరో మూడో పాదం దాకా చదివినట్టున్నారు. నూలు సంగతి ఏమిటని విచారణకు ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గోడౌను తలుపులు తెరిచారు. కొంత నూలు బయటికి వచ్చింది, కొన్ని మగ్గాలు ఆడాయి. అంతా వచ్చిందని నేను చెప్పను.

ఆ ఏడాదే ఎమ్మిగనూరులో ఆ నాటకం మళ్ళీ ఆడారు. ఈసారి రాతప్రతి ఎవరికీ ఇవ్వలేదు. నేను సెలవు పెట్టి, నా పాటికి నేను బస్సెక్కి వెళ్ళి, వెనక నేల మీద కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా నేతన్న సభలోకి వచ్చి, నోరు తెరిచి, తన పద్యం తానే పాడాడు. రెండో పాదంలో ఒకసారి ఆగాడు. ఆయన కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు. నాకూ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఆట అయ్యాక బస్సు కోసం నిలబడి ఉంటే ఆయన మొహం కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"ఎట్లుండాది సార్ పద్యం?"

ఇక దాచడమెందుకని చెప్పేశాను. "బాగుందన్నా. మూడో పాదంలో మాత్రం యతి తప్పింది. పాదం మొదట్లో ఉన్న అక్షరానికి నడుమ జత రావాల గదా. కండె అని ఎత్తుకుని మంత్రి దగ్గర పడినావు. జత కుదరలేదు."

"మరి అప్పుడు సెప్పలేదే?"

"అప్పుడు కొట్టేసినాను గదా. కొట్టేసేదానికి యతి ఎందుకులే అనుకున్నా."

ఆయన పకపకా నవ్వాడు. "ఇప్పుడు సెప్పండి సార్. ఎట్ల అంటే కుదురుతాది?"

నాకు ఉత్సాహం పొంగింది. అప్పటికప్పుడు కట్టి వినిపించాను. "కండె ఖాళి యాయె, గాదెలు నిండెరా."

ఆయన తొడ మీద వేళ్ళతో దరువు వేస్తూ రెండుసార్లు అనుకున్నాడు. తల ఊపాడు.

"బాగ కుదిరింది సార్. నున్నగా ఉండాది." మళ్ళీ ఒకసారి అనుకుని, నా మొహంలోకి చూశాడు. "మంత్రి యాడ పోయినాడు సార్?"

చూసుకున్నాను. నిజంగానే మంత్రి లేడు. ఆఫీసరు చెప్పలేదు, పెద్దమనిషి అడగలేదు, నా చేతిలో పెన్సిలు కూడా లేదు. అయినా నా సవరణలో మంత్రి మాయమైపోయాడు.

"యతి పోతే పోనీ సార్. మంత్రి ఉండాల" అన్నాడు నేతన్న నా భుజం తట్టి. "అదో, మీ బస్సొచ్చినాది."

ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆదోని దాకా ఆ పాదాన్ని దాని తప్పుతోనే, మంత్రితోనే, పైకే పాడుకుంటూ వచ్చాను.